సగం వాటా అడిగిన రోజు: వికలాంగుల సంఘాల్లో ఈ గొడవ ఎక్కడ మొదలైంది?

మీటింగ్ హాలుకి ర్యాంపు ఉంటుంది, సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ ఉండరు. కార్యవర్గంలో అందరూ వికలాంగులే, కానీ చాలామంది ఒకే రకం వైకల్యం ఉన్న మగవాళ్లు. వికలాంగుల సంఘాల లోపల, మా సంఘంలోనే మా అందరికీ చోటు లేదన్న ఈ ఫిర్యాదు మళ్లీ రాజుకుంది. బయటి నుంచి చూస్తే పదవుల కోసం కొట్లాటలాగే ఉంటుంది. దాని వేరు మాత్రం 1980 జూన్‌లో, కెనడాలోని విన్నిపెగ్‌లో పడిన ఒక ఓటు దగ్గరుంది.

విన్నిపెగ్‌లో జరిగింది వికలాంగుల పునరావాసం కోసం పనిచేసే రిహాబిలిటేషన్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ప్రపంచ మహాసభ. 1922లో పుట్టిన ఈ సంస్థలో పెత్తనం డాక్టర్లది, థెరపిస్టులది, సంక్షేమాధికారులది. ఆ ఏడు రెండు వందల మందికి పైగా వికలాంగులు సభకు వచ్చారు. సంస్థ నిర్ణయాల్లో వికలాంగులకు సగం వాటా ఉండాలని స్వీడన్ బృందం తీర్మానం పెట్టింది. అది ఓడిపోయింది. వికలాంగుల బతుకు గురించి చర్చించడానికి కూడిన సభే, వాళ్లకు సగం చోటు ఇవ్వనంది. వచ్చినవాళ్లు వేరుగా కూర్చుని సొంత సంస్థ పెట్టుకోవాలని తేల్చుకున్నారు. మరుసటి ఏడాది సింగపూర్‌లో డిసేబుల్డ్ పీపుల్స్ ఇంటర్నేషనల్ మొదలైంది. దాని మొదటి అధ్యక్షుడు రాన్ చంద్రన్ డడ్లీకి చూపు లేదు.

‘మా గురించి మేమే మాట్లాడతాం’ అన్న వాదన అక్కడి నుంచి ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లింది. వికలాంగుల హక్కుల మీద సమితి చేసిన 2006 ఒప్పందంలో, వికలాంగులకు సంబంధించిన నిర్ణయాల్లో వారి సంఘాలను సంప్రదించాలన్న షరతు చేరింది. ఏది వికలాంగుల సంఘమో, ఏది వికలాంగుల కోసం ఇతరులు నడిపే సంస్థో 2018లో ఆ ఒప్పందపు కమిటీ విడదీసి చెప్పింది. మొదటి రకం సంఘాన్ని నడిపేది వికలాంగులే కావాలి, సభ్యుల్లో స్పష్టమైన మెజారిటీ వాళ్లదే కావాలి. డాక్టర్లతో తగువు కాగితం మీద అలా తేలిపోయింది.

తేలనిది ఇంకోటుంది. ఆ ‘మేము’లో ఎవరెవరున్నారు?

దీనికి విన్నిపెగ్ కంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1972లో బ్రిటన్‌లో పాల్ హంట్ అనే వికలాంగుడు పత్రికకు రాసిన ఒక ఉత్తరంతో యూపియాస్ అనే శారీరక వికలాంగుల సంఘం పుట్టింది. వైకల్యానికి కారణం శరీరం కాదు, సమాజం పెట్టే అడ్డంకులే అన్న సిద్ధాంతానికి పునాది వేసింది వీళ్లే. సభ్యుల్లో చాలామంది వికలాంగుల వసతి గృహాల్లో ఉంటూ బయటికి కదలలేనివాళ్లు. అందుకే చర్చంతా పోస్టులో తిరిగే సర్క్యులర్ల మీదే నడిచింది. తమ సభ్యుల ఇబ్బంది ఎరిగి పెట్టుకున్న పద్ధతి అది. అయితే పూర్తి సభ్యత్వం శారీరక వైకల్యం ఉన్నవాళ్లకే. మేధో వైకల్యం ఉన్నవాళ్లు అప్పటికింకా తల్లిదండ్రుల సంఘాల నీడలోనే ఉన్నారు. 1974లో అమెరికాలోని ఒరెగాన్‌లో వాళ్లు ‘పీపుల్ ఫస్ట్’ పేరుతో సొంతంగా కూడారు. డాక్టర్లను వికలాంగులు అడిగిన ప్రశ్నే వీళ్లు కన్నవాళ్లను అడిగారు.

ఈ ‘మేము’ ప్రశ్నకు సంఘాల నాయకులు చెప్పుకునేది కూడా కొట్టిపారేసేది కాదు. డబ్బు తక్కువ, ప్రభుత్వంతో బేరానికి ఒకే గొంతు కావాలి, లోపలి గొడవలు బయటపడితే అవతలివాళ్లకు సందు దొరుకుతుంది అంటారు.

సభ్యుల మాట వినాలంటే ఒక్క సర్వసభ్య సమావేశం చూస్తే చాలు. అజెండా ముందురోజు రాత్రి స్కాన్ చేసిన కాగితంగా వస్తుంది. అది బొమ్మ, అక్షరాలు కావు, తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. తీర్మానానికి చేతులెత్తమంటారు. ఎన్ని చేతులు లేచాయో పైకి చెప్పకపోతే చూపు లేనివాళ్లకు తెలియదు, చెయ్యి లేవనివాళ్ల ఓటు లెక్కలోకే రాదు. పోనీ నోటితో ‘అవును’ అనమంటే వినపడనివాళ్లు ఆగిపోతారు. చెవి, చూపు రెండూ లేనివారికి అరచేతిలో సంజ్ఞలు చేసి చెప్పే ఇంటర్‌ప్రెటర్ కావాలి. ఆ పని ఒక్కరితో కాదు, కొద్దిసేపటికొకసారి మనిషి మారాలి. మీటింగ్ రోజు పొద్దున గుర్తొస్తే దొరికేవాళ్లు కారు. ఇందులో సగం పనులకు పైసా ఖర్చు లేదు. అజెండాను టైప్ చేసిన ఫైలుగా పంపడానికి ఏ గ్రాంటు కావాలి?

ఐక్యత వాదనకు 1977 ఏప్రిల్‌లోనే జవాబు దొరికింది. ఆ నెల శాన్‌ఫ్రాన్సిస్కోలో వికలాంగులు అమెరికా కేంద్ర ప్రభుత్వ కార్యాలయం ఒకదానిలో దాదాపు నాలుగు వారాలు బైఠాయించారు. అధికారులు ఫోన్లు కట్ చేస్తే, వినపడనివాళ్లు కిటికీల దగ్గర నిలబడి సంజ్ఞలతో బయటికి కబురు చేరవేశారు. నిరసనకారుల్లో, నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీకి చెందిన బ్రాడ్ లోమాక్స్ కూడా ఉన్నాడు, ఆయన పార్టీవాళ్లు లోపలికి వేడివేడి భోజనం తెచ్చిపెట్టారు. వైకల్యం ఒక్కటే చూసుకుని మిగతావి పక్కన పెట్టి ఉంటే ఆ బైఠాయింపు అన్ని రోజులు నిలిచేది కాదేమో. అయినా ఉద్యమ చరిత్ర చెప్పేటప్పుడు లోమాక్స్ పేరు చాలాకాలం పక్కనే ఉండిపోయింది.

సంఘాలు నిలదొక్కుకోవడానికి ప్రభుత్వాలు నిధులివ్వాలని 2018 నాటి కమిటీ వ్యాఖ్య చెబుతోంది. మహిళలు సహా వైకల్యంలోని వైవిధ్యమంతా ప్రాతినిధ్యంలో కనిపించాలనీ అంటోంది. మొదటి మాటను సంఘాల నాయకులు ప్రతి వినతిపత్రంలో రాస్తారు. రెండోదాన్ని సంఘం నియమావళిలోకి (బైలాస్) ఎక్కించమని ఇప్పుడు సభ్యులు పట్టుబడుతున్నారు.