నొక్కినప్పుడు కన్ను మూసుకునే కెమెరా

పిల్లలూ,

స్కూల్ ఆటల పోటీలు అయ్యాక మీరు పంపిన మెసేజ్ చూశాను. "తాతయ్యా, మా ఫోన్‌లో 200 మెగాపిక్సెళ్లు ఉన్నాయి. ఫోటోగ్రాఫర్ అంకుల్ కెమెరాలో 20 మాత్రమేనట. మరి అంత బరువు మెడలో వేసుకుని ఆయన ఎందుకు తిరుగుతున్నారు?" అని అడిగారు. మంచి ప్రశ్న. పెద్దవాళ్లకు ఇలాంటివి తోచినా పైకి అడగరు, అన్నీ తెలిసినట్టు తల ఊపేస్తారు.

మెగాపిక్సెళ్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, వాన కురుస్తుంటే పెరట్లో గిన్నెలు పెట్టడం గుర్తు చేసుకోండి. ఇక్కడ వెలుతురే వాన. కెమెరా లోపల సెన్సర్ అనే చిన్న పలక ఉంటుంది. దాని నిండా కంటికి కనపడనంత బుల్లి గిన్నెలు వరసగా పరిచి ఉంటాయి. అవే పిక్సెళ్లు. పది లక్షల పిక్సెళ్లు కలిస్తే ఒక మెగాపిక్సెల్. బటన్ నొక్కగానే షట్టర్ అనే తలుపు తెరుచుకుంటుంది, వెలుతురు కురుస్తుంది, తలుపు మూసుకుంటుంది. ఏ గిన్నెలో ఎంత పడిందో కొలిచి రాసుకుంటే అదే ఫోటో.

ఆ అంకుల్‌ది లాంటి పెద్ద పలక కెమెరాలో (దాన్నే ఫుల్ ఫ్రేమ్ అంటారు) ఈ పలక 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. 1913-14 ప్రాంతంలో జర్మనీలో ఆస్కార్ బార్నాక్ అనే ఇంజనీరు సినిమా ఫిల్మును అడ్డంగా నడిపి ఒక చిన్న కెమెరా చేశాడు. అప్పటి కొలతే ఇది. ఫిల్ము పోయినా కొలత మిగిలింది. మంచి ఫోన్లలో కూడా చాలావాటిలో పలక దీనిలో పదోవంతు ఉండదు. అంత ఇరుకు చోటులో 20 కోట్ల గిన్నెలు పరచాలంటే ఒక్కొక్కటి ఎంత చిన్నదై ఉండాలి? సుమారు 0.6 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). నికాన్ డి5 లాంటి ప్రొఫెషనల్ కెమెరాలో ఉన్నవి 2 కోట్ల చిల్లరే, కానీ ఒక్కొక్కటి 6.4 మైక్రాన్లు. వెడల్పులో పదింతలు అంటే వాన పడే నోరు నూరింతలకు పైమాటే. ఇది గంగాళం, అది ఉగ్గుగిన్నె.

పట్టపగలు ఎండ అంటే కుండపోత వాన అన్నమాట. అందులో ఉగ్గుగిన్నె కూడా క్షణంలో నిండుతుంది. అందుకే ఎండలో మీ ఫోన్ ఫోటోకీ ఆయన ఫోటోకీ తేడా చెప్పడం కష్టం. చీకటి పడ్డాక హాల్లో లైట్ల కింద కురిసేది తుంపర. తుంపరలో ఉగ్గుగిన్నెలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదాంట్లో మూడు చుక్కలు పడితే పక్కదాంట్లో అయిదు పడతాయి. రెండిటి మీదా ఉన్నది ఒకే ఆకాశం, లెక్క మాత్రం ఒకటి కాదు. దానివల్లే నున్నటి గోడ ఫోటోలో రంగురంగుల నలుసులతో గరుగ్గా కనిపిస్తుంది. నాయిస్ అనేది ఇదే. గంగాళాల్లో అయితే ఒకదాంట్లో వెయ్యి చుక్కలు, పక్కదాంట్లో వెయ్యిన్ని ముప్పై పడతాయి. ఆ తేడా కంటికి ఆనదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు రాత్రిపూట నగరాల దీపాలను ఫోటోలు తీసింది కూడా ఈ డి5 లాంటి కెమెరాలతోనే.

ఇంకో లాభం కూడా ఉంది. గిన్నె నిండి పొర్లిందంటే ఎంత పొర్లిందో ఎవరూ చెప్పలేరు. ఎండలో తెల్లచొక్కా మడతలన్నీ పోయి ఒట్టి తెలుపుగా వచ్చిన ఫోటోలు మీరు చూసే ఉంటారు. గంగాళం అంత తొందరగా పొర్లదు. చెట్టునీడలో ముఖాన్నీ, వెనక ఎండలో మబ్బునీ ఒకేసారి పట్టుకుంటుంది.

అలాగని ఫోన్‌ను తక్కువ అనుకోకండి, అది జిత్తులమారి. పదహారు ఉగ్గుగిన్నెల్లోది ఒకదాంట్లో పోసుకుంటుంది. టకటకా నాలుగైదు ఫోటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటుంది. మనిషి కదలకుండా నిలబడితే ఈ ఎత్తు బాగా పారుతుంది. పరుగు పందెంలో పరిగెత్తే పిల్ల దగ్గరే పప్పులుడకవు, కాళ్లు మసకబారతాయి.

ఇక గంగాళం కష్టాలు చెప్పనా? మొట్టమొదటిది, దాన్ని మోయాలి. డి5 ఒక్కటే బ్యాటరీతో కలిపి 1.4 కిలోలు. పెద్ద పలకంతటా వెలుతురు సరిగ్గా కురవాలంటే లెన్సూ పెద్దదే కావాలి. ఆటలకు వాడే, దూరాన ఉన్నవాటిని దగ్గరగా చూపే 70-200 లెన్సు తగిలిస్తే మరో కిలోన్నర దాకా పెరుగుతుంది. సాయంత్రానికి ఆ అంకుల్ మెడ పట్టుకుని కూర్చున్నారంటే నాకేమీ ఆశ్చర్యం లేదు. పైగా దగ్గరగా ముఖం తీస్తే కనురెప్ప స్పష్టంగా, చెవి మసగ్గా వస్తుంది. ఒక్కరి ఫోటోకు అది అందం. ముగ్గురు ముందూవెనకా నిలబడితే మాత్రం తలనొప్పి, ఎవరో ఒకరు మసకే. దూరాన పిట్టను తీసేవాళ్లు కొందరు కావాలనే చిన్న పలక కెమెరా పట్టుకెళ్తారు. అదే లెన్సుతో పిట్ట ఫ్రేము నిండా వస్తుంది.

ఒక్కమాట. గంగాళం కొన్నంత మాత్రాన వాన కురవదు. వెలుతురు ఎటునుంచి వస్తోందో చూసుకోవడం తెలియనివాడికి ఎంత కెమెరా ఇచ్చినా దండగే. అది నేర్చుకోవడానికి మీ ఫోన్ చాలు.

ఈ పోలికను ఇప్పటికే చాలా దూరం లాక్కొచ్చాను. ఎంత లాగినా గంగాళంలో అద్దం ఇమడదు కాబట్టి దాన్ని పెరట్లోనే వదిలేద్దాం. ఆ అంకుల్ మెడలోది డీఎస్ఎల్ఆర్, అంటే లెన్సు వెనక అద్దం ఉండే డిజిటల్ కెమెరా. డీఎస్ఎల్ఆర్ అంటే అసలు అద్దమే.

నా చిన్నప్పుడు మా చిన్నాన్న దగ్గర ఫిల్ము కెమెరా ఉండేది. సెలవుల్లో ఆయన దాన్ని గుడ్డతో తుడుస్తుంటే మేం చుట్టూ చేరేవాళ్లం. ఓసారి లెన్సు ఊడదీసి లోపల చూపించాడు. ఏటవాలుగా ఒక అద్దం, దానిపైన గరుకు గాజు. వేలు పెట్టబోతే చేతిమీద ఒక్కటి వేశాడు. లెన్సు బిగించి కంటికి ఆనించుకోమంటే కిటికీ ఊచలు, బయట చెట్టు అన్నీ కళకళలాడుతూ కనిపించాయి. ఫిల్ము లేదు కాబట్టి ధైర్యంగా నొక్కమన్నాడు. నొక్కాను. టప్ మని చప్పుడు, ఒక్క రెప్పపాటు చీకటి, మళ్లీ కిటికీ. "మరి ఫోటో పడేటప్పుడు మనకేం కనపడలేదే?" అన్నాను. "మనం చూసేది దానికి ముందుదీ, తర్వాతదీనూ. మధ్యది ఫిల్ము చూస్తుంది" అన్నాడు చిన్నాన్న.

ఇప్పటికీ అంతే. లెన్సులోంచి వచ్చిన వెలుతురును ఆ ఏటవాలు అద్దం పైకి పంపుతుంది. పైనున్న పట్టకం (ప్రిజం) దాన్ని తిప్పి మన కంటికి చేరుస్తుంది. నొక్కగానే అద్దం ఎగిరి దారి ఇస్తుంది, అప్పుడే వెలుతురు పలక మీద పడుతుంది. పాతకాలం కెమెరాలు కొన్నింటిలో ఎగిరిన అద్దం రీలు తిప్పేదాకా కిందికి దిగేది కాదు. 1954లో జపాన్‌లో వచ్చిన అసాహీఫ్లెక్స్ 2బి లాంటివి ఆ బాధ తప్పించాయి. ఇక డి5లో ఆ అద్దం సెకనుకు 12 సార్లు లేచి దిగుతుంది, కెనాన్ 1డి ఎక్స్ మార్క్ 3లో 16 సార్లు! డి5ని 14 దాకా కూడా పరిగెత్తించవచ్చు, కాకపోతే అద్దాన్ని పైకెత్తి ఉంచాలి. అంటే తీసేవాడు చూడకుండా తీయాలి.

అద్దం వల్ల మనం చూసేది అసలు వెలుతురే, తెర మీద బొమ్మ కాదు. ఆలస్యం ఉండదు, కరెంటు ఖర్చూ తక్కువే. డి5 బ్యాటరీ ఒక్క ఛార్జింగుకు 3,780 ఫోటోలు ఇస్తుందని కంపెనీ లెక్క. అద్దం లేని కెమెరాల్లో చాలావాటికి ఆ లెక్క వందల్లోనే ఉంటుంది. కానీ ఫోటో ఎంత నల్లగా, ఎంత తెల్లగా రాబోతోందో అద్దం ముందే చెప్పదు. చప్పుడు చేస్తుంది. ఫోకస్ చూసే సెన్సర్లు పెట్టె అడుగున ఉంటాయి, ఫోటో పడేది వెనక గోడ మీద. ఈ రెండు దూరాల మధ్య వెంట్రుకవాసి తేడా వచ్చినా కన్ను బదులు చెవి స్పష్టంగా వస్తుంది. అప్పుడు ఒక్కో లెన్సుకూ విడివిడిగా సరిచేసుకోవాలి.

అందుకే కంపెనీలు అద్దాన్ని తీసేశాయి. 2021లో వచ్చిన నికాన్ జెడ్9లో అద్దమూ లేదు, లేచి పడే షట్టరూ లేదు. అద్దం ఉన్న పెద్ద కెమెరాల్లో 1డి ఎక్స్ మార్క్ 3యే తమ చివరిదని ఆ ఏడాది చివర్లోనే కెనాన్ అధిపతి చెప్పారు. కొత్తవే మెరుగని నేనూ ఒప్పుకుంటాను. అయినా ఎదురుగా అద్దం ఉన్న కెమెరా ఒకటి కనిపిస్తే నా కన్ను దాని మీదికే పోతుంది.

ఈసారి ఆ అంకుల్ వచ్చినప్పుడు, ఆయన పనిలో లేని సమయం చూసుకుని అడగండి. ముందు పట్టీ మెడలో వేసుకోండి. కెమెరా స్విచ్ ఆపేసి లోపలికి చూడండి, అయినా అన్నీ కనిపిస్తాయి. తర్వాత స్విచ్ వేసి, షట్టర్ ఒక సెకను తెరుచుకుని ఉండేలా పెట్టమనండి. కన్ను తీయకుండా నొక్కండి. ఆ సెకనంతా మీకు ఏం కనిపించిందో నాకు రాయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య