ఓరిక్స్ తలలో చల్లారే నెత్తురు

మా మేనకోడలు ఐదో తరగతి. టీవీలో నమీబియా ఎడారి చూస్తూ, "మామయ్యా, అంత ఎండలో ఆ జింకకి వడదెబ్బ తగలదా?" అని అడిగింది. ఇసుక తిన్నె మీద నీడ లేకుండా నిలబడింది గెమ్స్‌బాక్. ఓరిక్స్‌లలో ఒక రకం. నమీబియా రాజచిహ్నంలో అటొకటి ఇటొకటి నిలబడి ఉండేవి ఇవే.

జింక అంటున్నాం గానీ, చుక్కల దుప్పికి రాలినట్టు దీని కొమ్ములు ఏటా రాలిపోవు. మన కృష్ణజింకలాగా ఇది ఆవుకూ మేకకూ దగ్గరి చుట్టం. ఆడవాటికీ కత్తుల్లాంటి కొమ్ములుంటాయి.

ఎడారి అనగానే పిల్లలకు ఒంటె మూపురంలో నీళ్లుంటాయని ఇప్పటికీ చెబుతున్నారు. అక్కడ ఉండేది కొవ్వు. దయచేసి అది మానేద్దాం, అసలు సంగతి అంతకంటే ఎంతో బాగుంటుంది.

ఓరిక్స్ నీళ్లను దాచుకోదు, ఖర్చు తగ్గిస్తుంది. మన ఒళ్లు 37 డిగ్రీలు దాటబోతే చెమట పోసి చల్లబరుస్తాం. ఓరిక్స్ తన ఒంటిని వేడెక్కనిస్తుంది. 1960ల్లో రిచర్డ్ టేలర్ అనే శాస్త్రవేత్త తూర్పు ఆఫ్రికా ఓరిక్స్‌కు నీళ్లు తగ్గించి వేడి గదిలో ఉంచితే, దాని ఒంటి వేడి 45 డిగ్రీలు కూడా దాటింది. లెక్క వేద్దాం. 200 కిలోల జంతువు, కిలోకు ఒక డిగ్రీ పెరగడానికి సుమారు 3.5 కిలోజౌళ్ల వేడి కావాలి. ఆరు డిగ్రీలు పెరిగితే 4,200 కిలోజౌళ్లు. ఆ వేడినే చెమటతో పోగొట్టాలంటే, లీటరు చెమట ఆవిరికి సుమారు 2,400 చొప్పున, లీటరున్నరకు పైగా నీళ్లు కావాలి. ఆ నీళ్లన్నీ మిగిలినట్టే! దాచిన వేడిని రాత్రి చల్లగాలికి ఊరికే వదిలేస్తుంది.

మరి మెదడు సంగతి? ఇక్కడే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పసిపిల్లకు పాలు చల్లార్చడం గుర్తు చేసుకోండి. వేడి పాల గిన్నెను చల్లనీళ్ల పళ్లెంలో పెడతాం. పాలూ నీళ్లూ కలవవు, వేడి మాత్రం అటు పోతుంది. అవే పాలు పది చిన్న గ్లాసుల్లో పోసి పెడితే ఇంకా త్వరగా చల్లారతాయి, నీళ్లకు తగిలే గోడ పెరిగింది కనుక. ఓరిక్స్ తలలో సరిగ్గా ఇదే ఏర్పాటు. మెదడుకు వేడి నెత్తురు తెచ్చే ధమని, మెదడు అడుగున సన్నటి గొట్టాల వలగా చీలిపోతుంది. అవే చిన్న గ్లాసులు. ఆ వల ఒక సిరల మడుగులో మునిగి ఉంటుంది. అది చల్లనీళ్ల పళ్లెం. ఆ మడుగులోకి వచ్చేది ముక్కు దగ్గరి నెత్తురు. ముక్కు లోపలి తడి, పీల్చిన గాలికి ఆవిరై, కుండలో నీళ్లు చల్లబడినట్టే అక్కడి నెత్తురును చల్లబరుస్తుంది. వల దాటాక సన్నటి గొట్టాలు మళ్లీ ఒక్కటై మెదడుకు వెళతాయి. పళ్లెంలో నీళ్లు వేడెక్కితే మనం మారుస్తాం కదా, ఇక్కడ ప్రతి శ్వాసా నీళ్లు మారుస్తుంది.

ఇది మెదడును కాపాడటానికే అని చాలాకాలం అనుకున్నారు. తర్వాత దక్షిణాఫ్రికాలో స్వేచ్ఛగా తిరిగే జంతువులకు చిన్న ఉష్ణమాపకాలు అమర్చి చూస్తే, ప్రాణభయంతో పరుగెత్తి ఒళ్లు బాగా కాగినప్పుడే ఈ చల్లార్పు ఆగిపోతోంది! నీళ్లు కరువైనప్పుడు మాత్రం ఎక్కువగా పనిచేస్తోంది. ఎందుకంటే చెమట పట్టాలా వద్దా అని తేల్చే హైపోథాలమస్ మెదడులోనే ఉంది. దానికి చల్లటి నెత్తురు అందితే చెమటా రొప్పూ తగ్గిస్తుంది. అంటే ఇది ప్రధానంగా నీళ్ల పొదుపు అన్నమాట.

తాగడానికి చెరువు లేకపోయినా కలహారీ ఎడారిలో అడవి పుచ్చకాయలు తింటుంది. రాత్రిపూట మేస్తుంది కూడా. బయట పెట్టిన అప్పడం మెత్తబడినట్టు, ఎండిన ఆకులు రాత్రి గాలిలోని తేమ పీల్చుకుంటాయి.

"ఆ వల మనకీ ఉందా?" అంది పిల్ల. మనకు లేదు, మేకకు ఉంది అన్నాను. వెంటనే పక్కింటి దొడ్లో కట్టేసిన మేక దగ్గరికి పరుగెత్తి, దాని ముక్కు మీద వేలు పెట్టి, "తడిగా ఉంది మామయ్యా, చల్లగా ఉంది!" అని అక్కడి నుంచే అరిచింది.