లేత్ దగ్గర నాబ్, గోడ మీద డ్రైవ్: మధ్యలో సన్నని తీగలు

లేత్‌కి వీఎఫ్‌డీ (మోటారుకిచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి స్పీడు మార్చే డ్రైవ్) పెట్టాక ఆ డ్రైవ్ సాధారణంగా గోడ మీది ప్యానెల్లో ఉంటుంది. చక్ (పనిముక్కని పట్టుకుని తిరిగే భాగం) ముందు నిలబడ్డ టర్నర్ చెయ్యి అక్కడిదాకా అందదు. అందుకే స్పీడు నాబ్‌నీ, ఫార్వర్డ్-ఆఫ్-రివర్స్ స్విచ్‌నీ ఓ చిన్న పెట్టెలో బిగించి మెషిన్ మీదికి తెస్తారు. వైరింగ్ కష్టమేమీ కాదు. కానీ లాగే ప్రతి తీగ దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది తెగితే మోటారు ఏం చేస్తుంది?

ముందు స్పీడు. డ్రైవ్ టెర్మినళ్లలో 10 వోల్టుల సప్లై, అనలాగ్ ఇన్‌పుట్, అనలాగ్ కామన్ ఉంటాయి. స్పీడు నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్ (పాట్) చివరి కాళ్లు రెండూ 10 వోల్టులకీ కామన్‌కీ, మధ్య కాలు ఇన్‌పుట్‌కీ వెళ్లాలి. 5 లేదా 10 కిలో ఓమ్‌ల లీనియర్ (తిప్పినంత మేర సమానంగా మారే) పాట్ తీసుకోండి. షాపుల్లో బీ10కే అని ముద్ర ఉండేది అదే. ఏ10కే ఆడియో వాల్యూమ్‌కి వాడేది. అది పెడితే నాబ్ సగం తిరిగేదాకా స్పీడు పెద్దగా కదలదు, తర్వాత ఒక్కసారిగా ఎగబాకుతుంది. 10 కిలో ఓమ్‌లు 1 మిల్లీ ఆంపియర్ లాగితే, 1 కిలో ఓమ్ పాట్ 10 లాగుతుంది. కొన్ని డ్రైవ్‌లు అంత ఇవ్వలేవు. 10 వోల్టుల తీగని పొరపాటున మధ్య కాలికి కలిపితే, నాబ్ కామన్ వైపు చివరికి వెళ్లగానే సప్లై షార్ట్ అవుతుంది.

ఇప్పుడు ఆ ప్రశ్న. 10 వోల్టుల తీగ తెగితే ఇన్‌పుట్ సున్నాకి పడిపోతుంది, మోటారు నెమ్మదిస్తుంది. కామన్ తీగ తెగితే కథ తిరగబడుతుంది. వోల్టేజీని కిందికి లాగే దారి పోయింది కాబట్టి నాబ్ ఎక్కడున్నా ఇన్‌పుట్‌కి దాదాపు 10 వోల్టులూ చేరతాయి, లేత్ ఫుల్ స్పీడు అందుకుంటుంది. అందుకే ఆ కాలి దగ్గర సోల్డరింగ్ గట్టిగా ఉండాలి, పైన హీట్ ష్రింక్ స్లీవ్ వేయాలి, కేబుల్ లాగినా బరువు కాలి మీద పడకుండా పెట్టె గోడకి కేబుల్ని పట్టి ఉంచే గ్లాండ్ బిగించాలి. గరిష్ఠ ఫ్రీక్వెన్సీని కూడా ఆ చక్ భరించే స్పీడు దాటకుండా సెట్ చేయాలి. మెషిన్ అప్పగించే ముందు చక్ ఖాళీగా ఉంచి, గరిష్ఠం 15 హెర్ట్జ్‌కి తగ్గించి, ఆ కామన్ తీగ ఊడదీసి ఒకసారి నడిపి చూడండి. తీగ ముట్టుకునే ముందు సప్లై ఆపి, మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. లోపలి కెపాసిటర్లలో వందల వోల్టులు మిగిలి ఉంటాయి.

దిశ మార్చడానికి ఫార్వర్డ్, రివర్స్, డిజిటల్ కామన్: ఈ మూడే తీగలు. స్విచ్ కామన్‌ని ఏ టెర్మినల్‌తో కలిపితే మోటారు అటు తిరుగుతుంది. అక్కడ ఉండేది 24 వోల్టులు, కొద్ది మిల్లీ ఆంపియర్లు. బయటి నుంచి 230 వోల్టులు తగిలితే కంట్రోల్ బోర్డు పోయినట్టే. పాత లేత్ మీద చేత్తో తిప్పి దిశ మార్చే డ్రమ్ స్విచ్‌ని డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య ఉంచేయడం మరీ ప్రమాదం. నడుస్తుండగా దాన్ని తిప్పితే డ్రైవ్ ఓవర్ కరెంట్‌తో ట్రిప్ అవుతుంది, లేదా లోపల కరెంటుని తెంచి కలిపే ఐజీబీటీలు కాలిపోతాయి. మోటారు తీగలు నేరుగా డ్రైవ్ నుంచే రావాలి. స్పిండిల్ మీద మరతో బిగే చక్ అయితే, రివర్స్‌లో అది ఊడి రావచ్చు.

తీగలు కలిపినంత మాత్రాన డ్రైవ్ వాటి మాట వినదు. డెల్టా వీఎఫ్‌డీ-ఈఎల్‌లో 02.00 అనే పారామీటర్ (సెట్టింగ్)ని 1 చేస్తే స్పీడు బయటి 0-10 వోల్టుల నుంచి, 02.01ని 1 చేస్తే రన్ ఆజ్ఞ టెర్మినళ్ల నుంచి తీసుకుంటుంది, 04.04 సున్నా అయితే ఫార్వర్డ్/స్టాప్, రివర్స్/స్టాప్ పద్ధతి. వేరే డ్రైవ్‌లో అంకెలు మారతాయి, వెతకాల్సినవి మాత్రం ఈ మూడే.

డిస్‌ప్లేలో ఫ్రీక్వెన్సీ 49.8కీ 50.2కీ మధ్య ఊగుతుంటే పాట్‌ని తిట్టుకునే ముందు కేబుల్ దారి చూడండి. మోటారు కేబుల్లో వోల్టేజీ సెకనుకి వేలసార్లు తెగి కలుస్తుంది. పక్కనే నడిచే 10 వోల్టుల తీగ ఆ కుదుపుల్ని పట్టేస్తుంది. షీల్డ్ ఉన్న కేబుల్ వాడి, షీల్డ్‌ని డ్రైవ్ వైపు మాత్రమే ఎర్త్ చేసి, మోటారు కేబుల్‌కి కనీసం జానెడు దూరంలో నడపాలి. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. అప్పటికీ ఊగితే అనలాగ్ ఫిల్టర్ సమయం కొంచెం పెంచండి.

ఈ వైరింగ్‌లో ఇంకో చిక్కు, కరెంటు పోయి వచ్చినప్పుడు. స్విచ్ ఫార్వర్డ్‌లోనే ఉండిపోతే, కొన్ని సెట్టింగుల్లో చక్ తనంతట తానే తిరగడం మొదలెడుతుంది. దాన్ని అడ్డుకునే లైన్ స్టార్ట్ లాకౌట్ అనే సెట్టింగ్ ఉంటే ఆన్ చేయండి. ఇంకా మంచిది త్రీ-వైర్ పద్ధతి: నొక్కితే కలిసే స్టార్ట్ బటన్, నొక్కితే తెగే స్టాప్ బటన్. కరెంటు వచ్చాక మళ్లీ స్టార్ట్ నొక్కితేనే కదులుతుంది, స్టాప్ తీగ తెగినా లేత్ ఆగిపోతుంది.