ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు: 1969 నాటి ఒక బిట్ కథ

ఎం, ఎ, టి, ఎ. వాట్సాప్‌లో ఈ నాలుగు అక్షరాలు వస్తే అది ‘మాట’నా, ‘మాత’నా, ‘మత’నా అన్నది ముందూ వెనకా చదివి పోల్చుకోవాల్సిందే. ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉన్నా మనలో చాలామంది ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొడతాం. భాష మీద ప్రేమ లేదని కోప్పడే పెద్దలున్నారు. ఇవాళ్టి సంగతైతే ఆ కోపం సబబే. ఈ అలవాటు పుట్టిన రోజుల్లో మాత్రం తెలుగు లిపిని నేరుగా పంపే దారి లేదు.

1969 అక్టోబర్ 29 రాత్రి లాస్ ఏంజెలెస్ నుంచి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థకు ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన అర్పానెట్ మీద తొలి సందేశం వెళ్లింది. ‘లాగిన్’ అని కొట్టబోతే రెండక్షరాలకే అవతలి కంప్యూటర్ చతికిలపడింది. ఇది అందరూ చెప్పే కథే. మన గోలకు మూలం మాత్రం అదే నెలలో ఆ నెట్‌వర్క్ కోసం ఇంజినీర్ వింట్ సెర్ఫ్ రాసిన ఓ చిన్న పత్రం. అందులో చెప్పింది ఇదీ: నెట్‌వర్క్‌లో అక్షరాలు ఆస్కీ పద్ధతిలో, అంటే ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చే అమెరికన్ పద్ధతిలో వెళ్లాలి, 8 బిట్లలో (సున్నా లేదా ఒకటి పట్టే గళ్లలో) 7 మాత్రమే వాడాలి, మిగిలిన ఎనిమిదో బిట్ ఎప్పుడూ సున్నాగా ఉండాలి. 7 బిట్లతో వచ్చేవి 128 సంకేతాలు. ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు, చుక్కలు, కామాలు, యంత్రానికిచ్చే ఆదేశాలతో అవి నిండిపోయాయి. తమ అవసరానికి అమెరికన్ ఇంజినీర్లు చేసుకున్న ఏర్పాటది, తప్పుపట్టలేం.

1982లో ఈమెయిల్‌కు రాసుకున్న నియమాల్లోనూ ఆ 7 బిట్ల లెక్కే కొనసాగింది. మన దేశం 1991లో ఖరారు చేసిన ఇస్కీ అనే సంకేతాల ప్రమాణంలో తెలుగు సహా భారతీయ లిపులు ఆ ఎనిమిదో బిట్ మీదే ఆధారపడ్డాయి. దారిలో ఏ పాత మెషీనైనా ఆ బిట్‌ను కోసేసిందా, అవతలివాళ్లకు అందేది చెత్తే.

అమెరికాలో చదువుకుంటున్న తెలుగు కుర్రాళ్లు దీనికో ఉపాయం పట్టారు. 1990ల తొలి ఏళ్లలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి, అంటే తెలుగును ఇంగ్లీష్ అక్షరాల్లో రాసే పద్ధతి తయారుచేశారు. చిన్న ‘టి’ కొడితే త, పెద్ద ‘టి’ కొడితే ట. చిన్న ‘ఎ’ హ్రస్వం, పెద్ద ‘ఎ’ దీర్ఘం. మాటకూ మాతకూ మధ్య తగువు అక్కడితో తీరిపోయింది. వాట్సాప్‌లో మనం కొట్టే తెలుగుకు ఈపాటి క్రమశిక్షణ కూడా లేదు! తర్వాత లేఖిని లాంటి వెబ్ పరికరాలు వచ్చాక, అదే బాణీలో కొడితే తెరమీద తెలుగే కనబడసాగింది.

ప్రపంచ లిపులన్నిటికీ సంకేతాలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే తెలుగుకు చోటు దొరికింది. కానీ ఫాంట్లు, కీబోర్డులు సామాన్యుల చేతికి వచ్చేసరికి ఏళ్లు పట్టింది. ఈలోగా సెల్‌ఫోన్లు వచ్చాయి, వాటిలోనూ ఇదే పిసినారితనం. 7 బిట్ల అక్షరాలతో ఒక ఎస్ఎంఎస్‌లో 160 పడతాయి, తెలుగు లిపిలో అయితే 70 సంకేతాలే. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు సంకేతాలు తినేస్తుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఎస్ఎంఎస్‌కు డబ్బులు లెక్కపెట్టుకునే రోజుల్లో ఎవరు మాత్రం తెలుగులో కొడతారు?

ఆ పాత లెక్క ఇంకా పూర్తిగా పోలేదు. అచ్చ తెలుగులో ఓ ఉత్తరం రాసి మీకు మీరే పంపుకోండి. జీమెయిల్‌లో దాన్ని తెరిచి ‘షో ఒరిజినల్’ నొక్కితే, మీ తెలుగు ఉండాల్సిన చోట, దాన్ని 7 బిట్లలో ఇమిడేలా మార్చిన తలా తోకా లేని ఇంగ్లీష్ అక్షరాలు, అంకెలు బారులు తీరి కనిపిస్తాయి.