ఖాళీ డబ్బాలో ఎవరున్నారు?

1991లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఇంగ్లండ్‌లో పాల్ హారిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం నాలుగేళ్ల, ఆరేళ్ల పిల్లల ముందు రెండు డబ్బాలు పెట్టింది. మూతలు తీసి రెండూ ఖాళీయేనని చూపించింది. ఒకదాంట్లో కుందేలు ఉందనుకొమ్మని కొందరికి, కరిచే భూతం ఉందనుకొమ్మని మరికొందరికి చెప్పింది. "నిజంగా ఉందా?" అని అడిగితే పిల్లలు లేదనే అన్నారు. తర్వాత పెద్దవాళ్లు ఏదో సాకు చెప్పి బయటికి వెళ్లారు. ఒంటరిగా మిగిలిన పిల్లల్లో పలువురు ఆ 'అనుకున్న' డబ్బా దగ్గరికే చేరి మూత ఎత్తి చూశారు. భూతం మాట విన్న చిన్నపిల్లల్లో కొందరైతే పెద్దవాళ్లను గది దాటనివ్వనే లేదు.

లేదని తెలుసు. 'ఒకవేళ ఉంటే?' అన్నది మాత్రం పోదు. పాపకు కనిపించే, మనకు కనిపించని దుష్ట స్నేహితుడి మీద నడిచే సైకలాజికల్ థ్రిల్లర్లు ఈ సందులోనే కాపురం పెడతాయి. హనుమకొండలో సెకండ్ షోకు వచ్చిన మనిషికి తెరమీది కుర్చీ ఖాళీ అని తెలుసు. అది కిర్రుమనగానే కాళ్లు పైకి ముడుచుకుంటాడు. డబ్బా ముందు పాప, తెర ముందు పెద్దమనిషి ఒకే స్థితిలో ఉంటారు. సినిమా మాత్రం, పెద్దమనిషికి తెలుసు, పాపకు తెలియదు అన్నట్టు కథ నడుపుతుంది. పిల్లల మనసును అది తప్పుగా చూపేది అక్కడే.

అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త మార్జొరీ టేలర్, పిల్లలు ఊహించుకునే ఈ ఉత్తుత్తి దోస్తుల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. 2004లో ఆమె బృందం ప్రచురించిన పరిశోధనలో, ఏడేళ్లు వచ్చేలోపు ఎప్పుడో ఒకప్పుడు అలాంటి దోస్తు ఉన్న పిల్లలు 65 శాతం తేలారు. ప్రాణమున్నట్టు చూసుకునే బొమ్మలను కూడా కలిపిన లెక్క ఇది. ఇంత మామూలు విషయాన్ని జబ్బు అనలేం. పైగా ఇంటర్వ్యూ మధ్యలో పిల్లలే ఆగి, అడుగుతున్న పెద్దాళ్ల మీద జాలిపడ్డట్టు, 'ఇది ఉత్తదే, తెలుసా?' అని గుర్తుచేసేవారు.

అయితే థ్రిల్లర్లు పూర్తిగా గాలిలోంచి పుట్టలేదు. వాటిలో ఒక నిజం ఉంది: ఉత్తుత్తి దోస్తులు మాట వినరు. పిలిస్తే రారు, వద్దన్నప్పుడు వస్తారు, బొమ్మలు లాక్కుంటారు, గట్టిగా అరుస్తారు. పిల్లలు నిజంగానే విసుక్కుంటూ ఫిర్యాదు చేస్తారు. తానే కల్పించుకున్నవాడు తనకే ఎదురెలా తిరుగుతాడు? దీనికి జవాబు పెద్దవాళ్ల దగ్గర దొరికింది. టేలర్ బృందం 2003లో ప్రచురించిన పరిశోధనలో 50 మంది కథా రచయితలను అడిగితే, 46 మంది తమ పాత్రలు తమంతట తామే మాట్లాడుతున్నట్టు, చెప్పినట్టు నడవనట్టు ఎంతో కొంత అనుభవం ఉందన్నారు. సైకిల్ నేర్చుకున్నాక పెడల్ మీద ధ్యాస అక్కర్లేనట్టే, ఒక పాత్రను ఊహించడంలో చెయ్యి తిరిగాక ఆ ఊహ వెనక శ్రమ మనకు తెలియదు. శ్రమ తెలియకపోతే ఆ మాట బయటినుంచి వచ్చినట్టుంటుంది. ఎదురుతిరిగే దోస్తు ఆ పాప ఊహకు పట్టు చిక్కిందనడానికి గుర్తు. థ్రిల్లర్ ఈ ఎదురుతిరగడాన్ని తీసుకుని దానికి కత్తి ఇస్తుంది.

ఆ కత్తి తెరమీద ఎలా పదునెక్కుతుందో కూడా చూడాలి. ఓరుగల్లు కోట చుట్టుపక్కల, కాజీపేట గల్లీల్లో ఫోన్‌తోనే షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లు చాలామంది ఈ రకం కథ ఎత్తుకుంటారు, ఎందుకంటే దయ్యం వేషానికి ఖర్చు లేదు. కానీ ఖాళీని తీయడం కష్టం. మొదట చెడేది పాప చూపు. దగ్గరి మనిషిని చూసేటప్పుడు రెండు కనుపాపలూ కొంచెం లోపలికి తిరుగుతాయి. ఎదురుగా ఎవరూ లేకపోతే చూపు జారి వెనక గోడను పట్టుకుంటుంది. అప్పుడు పాప ఎవరినో చూస్తున్నట్టు ఉండదు, పరధ్యానంగా ఉన్నట్టుంటుంది. క్లోజప్‌లో లెన్స్ పక్కనే, నేలనుంచి మూడున్నర అడుగుల ఎత్తులో, ఒక కర్రకు టెన్నిస్ బంతి గుచ్చి నిలబెడితే ఇది సరిపోతుంది.

రెండోది మాటల మధ్య ఖాళీ. మనుషుల మాటల్లో ఒకరు ఆపాక మరొకరు అందుకోవడానికి సగటున పట్టేది సెకనులో ఐదో వంతే. పది భాషల్లో కొలిచి చూసి 2009లో ప్రచురించిన సంగతి ఇది. కనిపించని దోస్తు మాటలు స్క్రిప్టులో రాయకపోతే, పాప ప్రతి డైలాగ్ తర్వాత ఒకేలా ఆగుతుంది. చూసేవాడి చెవి ఆ అబద్ధాన్ని వెంటనే పట్టేస్తుంది. అందుకే దోస్తు డైలాగులు పూర్తిగా రాసి, కెమెరా వెనక ఒకరు పెదవులతో మాత్రమే పలకాలి. పొడుగు వాక్యానికి పొడుగు ఖాళీ, 'ఊఁ'కు చిన్న ఖాళీ వాటంతట అవే వస్తాయి.

మూడోది చప్పుడు. ఠపీమని శబ్దం రాగానే కనురెప్ప సెకనులో ఇరవయ్యో వంతు లోపే కొట్టుకుంటుంది. అది ఒంటి ఉలికిపాటు, మనసులోని భయం ఇంకా మొదలుకాలేదు. పదేపదే ఉలిక్కిపడేలా చేస్తే ఒళ్లు అలవాటు పడిపోతుంది. మూడోసారి తలుపు కొట్టుకునేసరికి హాల్లో నవ్వులు వినిపిస్తాయి. దానికంటే గది నిశ్శబ్దం ఎక్కువ పనిచేస్తుంది. ఫ్యాన్ ఆపి, ఎవరూ కదలకుండా ఒక నిమిషం ఆ గది చప్పుడునే రికార్డు చేసుకుని, పాప ఆగిన చోటల్లా దాన్ని వేయాలి. అక్కడ మ్యూజిక్ పెడితే భయపడాలో వద్దో మ్యూజిక్కే చెప్పేస్తుంది, చూసేవాడికి ఊహించే పని మిగలదు.

ఇక ఆ వేషం వేసే పాపది కూడా బాల్యమే. 2017 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం బాలనటులతో రోజుకు ఐదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. షూటింగ్ జరిగే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. సినిమా పూర్తయ్యాక ఇచ్చే సెన్సార్ సర్టిఫికెట్‌లో, ఏ వయసు పిల్లలకు తగినదో చెప్పే యూఏ 7+, 13+, 16+ అన్న తేడాలు 2024 నుంచి వచ్చాయి. ఇలాంటి సినిమాకు నాలుగేళ్ల పిల్లను చంకనేసుకుని వెళ్లేముందు ఆ అంకె చూడాలి. 'ఒకవేళ ఉంటే?' అన్నది ఆ వయసులో రాత్రి లైటు ఆర్పాక ఇంకా పెద్దదవుతుంది.

మన దగ్గర అసలు భయం సినిమా నుంచి రాదు, ఇంట్లోంచే వస్తుంది. "ఎవలతోని మాట్లాడుతున్నవ్ బిడ్డా?" అని నానమ్మ అడుగుతుంది. "చింటుగాడు నానమ్మా, అన్నం తింటలేడు" అంటుంది పాప. పక్కింటామె వింటే గాలి సోకిందంటుంది. దిష్టి తీస్తే పోయేదేం లేదు, ఉప్పు మిరపకాయలు ఎవరికీ చెడు చేయవు. అక్కడితో ఆగకుండా తాయెత్తు, ఆపైన భూతవైద్యుడు, పొగ, వేపమండలతో కొట్టడం దాకా పోతేనే ప్రమాదం. బాణామతి అనుమానంతో మనుషుల ప్రాణాలే తీసిన నేల ఇది. 'చింటుగాడు చెప్పిండు' అన్న పిల్ల మాట ఎవరి తలుపు దాకా పోతుందో చెప్పలేం.

అందుకే ముందు వినాలి. రెండు వారాలు ఒక నోటుబుక్కులో రాసుకుంటే చాలు: దోస్తు ఎప్పుడు వస్తాడు, ఏం చేస్తాడు, పాప ఏ మూడ్‌లో ఉంటుంది. "చింటుగాడు ఇప్పుడేం జేస్తుండు?", "నువ్వు పొమ్మంటే పోతడా?" అని మామూలు గొంతుతో అడగాలి. పోకున్నా ఫర్వాలేదు, పాప దాన్ని నవ్వుతూనో విసుగ్గానో చెబుతోందా, వణుకుతూ చెబుతోందా అన్నది ముఖ్యం. పాలు ఒలికించింది చింటూ అంటే, "సరే, ఇద్దరూ కలిసి తుడవుండ్రి" అనాలి. అబద్ధమాడుతున్నావని గద్దిస్తే పాప దోస్తును వదలదు, మీకు చెప్పడం మానేస్తుంది.

తేలిగ్గా తీసుకోకూడనివీ ఉన్నాయి. దోస్తు తనను గాని, తమ్ముణ్ని గాని కొట్టమంటున్నాడని భయపడుతూ చెప్పడం, నిద్ర, తిండి, బడి చెడిపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఉత్తుత్తిదే కదా అంటే పాప ఒప్పుకోలేకపోవడం. ఇవి కనిపిస్తే పిల్లల డాక్టరుకో, వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికో తీసుకెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. అన్నిటికంటే జాగ్రత్తగా వినాల్సిన వాక్యం, 'అమ్మకు చెప్పొద్దన్నడు'. పిల్లల ఆటలో రహస్యాలుంటాయి, నిజమే. కానీ ఆ మాటతో పాటు ముట్టుకోవడం, బట్టలు, చాక్లెట్ల ప్రస్తావన వస్తే, ఆ దోస్తు ఊహ కాకపోవచ్చు, పాపకు తెలిసిన పెద్దమనిషి కావచ్చు. అప్పుడు గుచ్చిగుచ్చి అడగొద్దు, మాటలు అందించొద్దు. పాప చెప్పింది చెప్పినట్టు రాసుకుని చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

ఎక్కువ ఇళ్లలో ఇవేవీ అవసరం రావు. సినిమాల్లో దోస్తును తరమడానికి చివరి అరగంట పడుతుంది. ఇళ్లల్లో అయితే బడి, కొత్త ఆట, గల్లీలో కొత్త స్నేహితురాలు, వీటి మధ్య వాడి ఊసు తగ్గిపోతుంది. ఒకరోజు నానమ్మకే గుర్తొచ్చి రెండో పళ్లెం పెట్టబోతే, "చింటుగాడు కరీంనగర్ పోయిండు" అని పాప పెరుగన్నం కలుపుకుంటుంది.