సాల్వ్: నేతి నుంచి పుట్టిన మందు పేరు

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ యూనివర్సిటీ పరిశోధకులు సుమారు వెయ్యేళ్ల నాటి కంటి మందును మళ్లీ తయారు చేసి, దాని ఫలితాలను 2015లో బయటపెట్టారు. చాలా యాంటీబయాటిక్స్‌కు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ బ్యాక్టీరియాను ఎలుకల గాయాలపై జరిపిన పరీక్షలో అది 90 శాతం దాకా చంపేసింది. ఆ మందు ‘బాల్డ్స్ లీచ్‌బుక్’ అనే పాత ఇంగ్లిష్ వైద్య గ్రంథంలోది. 10వ శతాబ్దపు ఆ రాతప్రతి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

తయారీ ఇలా చెప్పారు. వెల్లుల్లి, ఉల్లిజాతి కాడ సమపాళ్లలో తీసుకుని బాగా దంచాలి. వైన్, ఎద్దు పిత్తం చెరిసగం కలపాలి. కంచు లేదా ఇత్తడి పాత్రలో తొమ్మిది రాత్రులు ఉంచి, గుడ్డలో పిండి, తేర్చి కొమ్ములో పోసుకోవాలి. రాత్రిపూట ఈకతో కంటి కురుపుకు రాయాలి. చివర ‘ఇదే అన్నిటికంటే మేలైన మందు’ అని కూడా రాశారు. (ల్యాబ్‌లో పనిచేసింది కదా అని ఎవరూ ఇంట్లో చేసుకుని కంట్లో వేసుకోకండి.)

ఆ గ్రంథం దీన్ని ‘సెయల్ఫ్’ అంది. అదే నేటి ‘సాల్వ్’, అంటే పైపూత మందు. తమాషా ఏమిటంటే, ఈ మందులో విడిగా నూనె గానీ వెన్న గానీ కలపలేదు. కానీ ఆ మాట పుట్టిందే కొవ్వులోంచి. జర్మన్‌లో ‘జాల్బె’, డచ్‌లో ‘జాల్ఫ్’ దీని తోబుట్టువులు. ఇదే మూలానికి చెందిన అల్బేనియన్ ‘జ్యాల్ప్’ అంటే వెన్న. అదే కుటుంబంలోని సంస్కృత ‘సర్పిస్’ అంటే నెయ్యి. చరకుడు చెప్పిన నాలుగు స్నేహద్రవ్యాల్లో (జిడ్డు పదార్థాల్లో) మొదటిది ఈ సర్పియే. మూలికల సారాన్ని చర్మానికి అంటించేది కొవ్వే కాబట్టి కొవ్వు పేరు మందుకు వచ్చింది. తర్వాత కొవ్వు లేని మందుకూ అదే పేరు నిలిచింది.

16వ శతాబ్దంలో డచ్ భాష నుంచి ఇంగ్లిష్‌లోకి ‘క్వాక్‌సాల్వర్’ వచ్చింది. లేని గొప్పలు చెప్పి పూతమందులు అమ్మేవాడని అర్థం. తర్వాతి శతాబ్దానికి అది కురచై ‘క్వాక్’ అయింది. మన పేపర్లలో నకిలీ వైద్యులను క్వాక్‌లంటూ రాస్తున్నది ఈ మాటనే. నిజంగా పనిచేసే మందు పేరు ఇలా మోసగాళ్ల బిరుదులో ఇరుక్కోవడం బాధాకరం.

ఈలోగా ఫ్రెంచ్ దారిలో ‘ఆయింట్‌మెంట్’ వచ్చి మందుల షాపుల్లో చోటు సంపాదించింది. దాని లాటిన్ మూలానికి, మన ‘అంజనం’లోని సంస్కృత ధాతువుకూ చుట్టరికం ఉంది. సాల్వ్ మాత్రం పూర్తిగా పోలేదు. మన ఇళ్లలో ఉండే విక్స్ మొదట అమెరికాలో ‘క్రూప్ సాల్వ్’ (క్రూప్ అంటే పిల్లలకు వచ్చే ఒక రకం దగ్గు జబ్బు) పేరుతోనే అమ్ముడైంది. బ్రిటన్‌లో పెదాలకు రాసుకునేదాన్ని ఇప్పటికీ లిప్ సాల్వ్ అనే అంటారు.