కరివేపాకు మీద పురుగుకు మందు కొట్టాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

వానలు మొదలైతే చాలు, నా ఫోన్‌కి ఒకటే రకం ఫొటోలు. కరివేపాకు రెమ్మ మీద పిట్టరెట్టలాంటిదేదో అతుక్కుని ఉంటుంది. కింద ప్రశ్న: "ఏ మందు కొట్టాలండీ?" హైదరాబాద్ కాలనీల్లో మొక్కలు వేసిపెట్టడం నా పని. ఆ ఫొటో పంపినవాళ్లే నెల కిందట "సీతాకోకచిలుకలు వచ్చే మొక్కలు పెట్టండి" అని అడిగి ఉంటారు.

అపోహ: ఆకు తినే పురుగు కనిపిస్తే మందు కొట్టాల్సిందే.

వాస్తవం: ఆ పురుగే సీతాకోకచిలుక పిల్ల. నిమ్మ, కరివేపాకు, మారేడు ఆకుల మీదే గుడ్లు పెట్టే జాతులున్నాయి. పిట్టలు తినకుండా చిన్నప్పుడు రెట్ట వేషం వేస్తుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకి చూడండి, తల వెనక నుంచి రెండుగా చీలిన ఎర్రటి కొమ్ములాంటిది బయటికొస్తుంది, ఘాటు వాసన కొడుతుంది. అంతే, కుట్టదు, కరవదు. రెండు మూడు వారాలు తిని ఆపేస్తుంది. పోపుకని మనం రెమ్మలు తుంచితే చెట్టు మళ్లీ చిగురించడం లేదూ?

భయం ఎక్కడిదో నాకు తెలుసు. మునగచెట్టు గొంగళి పురుగులు ఒంటి మీద పడితే వచ్చే దురద మరిచిపోలేం. పిల్లలున్న ఇంట్లో ఆ టెన్షన్ న్యాయమే. కానీ వాటికి ఒళ్లంతా నూగు ఉంటుంది, ఇది నున్నగా ఉంటుంది. మొక్క మరీ చిన్నదైతే పురుగును ఆకుతో సహా తీసి పెద్ద నిమ్మచెట్టు మీద పెట్టండి.

"వేపనూనె సహజమే కదా" అంటారు. దానికీ చిన్న పురుగులు చస్తాయి. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు మరీ ఘోరం, మట్టిలో పోస్తే పువ్వులోని తేనెకీ పుప్పొడికీ చేరుతుంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో మా అమ్మ నిమ్మచెట్టుకి నేనే మందు కొట్టాను. తెల్లారి ముగ్గు వేయబోయిన అమ్మకి గచ్చు మీద ఏడెనిమిది పురుగులు నల్లబడి కనిపించాయి. "ఇవేం చేశాయిరా నిన్ను?" అంది. జవాబు చెప్పలేకపోయాను.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఏ పువ్వైనా ఒకటే అనుకోకండి. ముద్దమందారంలో కేసరాలే రేకులుగా మారిపోతాయి, ఇక పుప్పొడి ఎక్కడిది? రేకమందారం పెట్టండి. తులసి వెన్నులన్నీ తుంచేయకుండా నాలుగు వదలండి, చిన్న తేనెటీగలు పొద్దున్నే వాలతాయి. పూల మీద పనిలో ఉన్న తేనెటీగ జోలికి వెళ్లకపోతే అది మన జోలికి రాదు. పట్టుకి పొగ పెట్టి, రాళ్లేసి కుట్టించుకునేది మనమే. అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం దూరంగా ఉండాలి.

తంగేడు పొలం గట్ల మొక్క, ఇంటికి పనికిరాదంటారు. బతుకమ్మకి మాత్రం డబ్బిచ్చి కొంటారు! ఆ పువ్వు కేసరాల కొసన సన్నటి రంధ్రాలుంటాయి. తుమ్మెద పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిలిస్తేనే పుప్పొడి రాలుతుంది. ఒక్కసారి దగ్గర నిలబడి వినండి.

నిన్న ఇంకో ఫొటో. "మందు కొట్టలేదండీ, అయినా కదలడం లేదు, చచ్చిపోయిందా?" నడుముకి సన్నటి దారం కట్టుకుని ఉందేమో చూడమన్నాను. ఉందట. అయితే చావలేదు, సీతాకోకచిలుకగా మారుతోంది. వారం పది రోజులు ఆ కుండీ జరపొద్దని చెప్పాను.